తుపాకీ తప్పూ మనిషి తప్పూ

మా ఇంట్లో ఏ యుద్ధం సినిమా అయినా ఏకబిగిన సాగదు. పావుగంటకోసారి మావారు "ఆపు, ఆపు!" అని కేకేస్తారు. మా మనవడు చటుక్కున రిమోట్ నొక్కేస్తాడు. తెరమీద ఎవడో పాపం తుపాకీ ఎత్తినవాడు ఎత్తినట్టే బిగుసుకుపోయి నిలబడతాడు. తాతా మనవలిద్దరూ టీవీకి జానెడు దూరంలోకి వెళ్ళి, ఆ తుపాకీ ఏ సంవత్సరం సరుకో తేల్చుకుంటారు. అది తేలేదాకా యుద్ధం ఆగవలసిందే. నిజం యుద్ధాలు కూడా ఇంత సులువుగా ఆగితే ఎంత బావుండును!

మావారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. జన్మలో తుపాకీ పట్టుకున్న మనిషి కాదు. బ్యాంకు గుమ్మం దగ్గర కాపలా జవాను భుజాన వేళ్ళాడేదే ఆయన దగ్గరగా చూసిన తుపాకీ. అయినా కొందరికి రైలింజన్ల పిచ్చి, కొందరికి తపాలా బిళ్ళల పిచ్చి ఉన్నట్టు ఈయనకి పాత తుపాకుల పిచ్చి. ఖర్చు లేని పిచ్చే కదా అని నేనూ ఊరుకున్నాను, పుస్తకాల బిల్లులు చూడనంత కాలం.

మొన్న ఆదివారం "జులూ" అనే పాత ఇంగ్లీషు సినిమా పెట్టుకున్నారు. 1964లో వచ్చింది. నేను పక్కనే కూచుని గోరుచిక్కుళ్ళు ఈనెలు తీసుకుంటూ ఓ కన్ను అటు వేశాను.

కథ నిజంగా జరిగిందే. 1879 జనవరి 22. దక్షిణాఫ్రికాలో నేటాల్ సరిహద్దున, నది ఒడ్డున, రోర్క్స్ డ్రిఫ్ట్ అనే చోట ఒక మిషనరీ బంగళా. బ్రిటిషు సైన్యం దాన్ని ఆసుపత్రిగానూ, సరుకుల కొట్టుగానూ వాడుకుంటోంది. రోగులతో కలిపి ఉన్నది సుమారు 150 మంది. ఆ రోజు మధ్యాహ్నమే, పది మైళ్ళ దూరాన ఇసాండల్వానా దగ్గర, జులూలు బ్రిటిషు దండుని తుడిచిపెట్టేశారు. 1,300 మందికి పైగా పోయారు. సాయంత్రానికి మూడు నాలుగు వేలమంది జులూ యోధులు ఈ బంగళా మీదకి వచ్చారు. వీళ్ళు మొక్కజొన్న బస్తాలూ బిస్కట్ పెట్టెలూ గోడలా పేర్చుకుని రాత్రంతా పోరాడారు. వంటింటి సరుకులే కోటగోడ అయ్యాయన్నమాట. తెల్లవారేసరికి బంగళా వాళ్ళ చేతుల్లోనే ఉంది. వీళ్ళలో 17 మంది పోయారు. 11 మందికి విక్టోరియా క్రాస్ పతకాలొచ్చాయి.

ఇక మావారి గొడవ. ఆనాటి సిపాయిల చేతుల్లో ఉన్నది మార్టినీ-హెన్రీ అనే తుపాకీ. బ్రిటిషు సైన్యంలోకి 1871లో వచ్చింది. దాంట్లో ఒకసారికి ఒక్క తూటాయే పడుతుంది. కిందనున్న లివరు లాగితే లోపలి దిమ్మ దిగి, కాలిపోయిన తూటా గొట్టం బయటికి ఎగిరిపడుతుంది. కొత్త తూటా పెట్టి లివరు ఎత్తితే మళ్ళీ సిద్ధం. మన బోరింగు పంపు కొట్టినట్టు అనుకోండి, ఒక్కో కొట్టుడికి ఒక్కో గుండు. నల్లటి తుపాకిమందు గనక పేల్చిన ప్రతిసారీ పొగ కమ్మేస్తుంది. పేల్చగా పేల్చగా గొట్టం కాలిపోయి చెయ్యి పెట్టనివ్వదు. అది వెనక్కి తన్నే తన్నుకి భుజం కమిలిపోతుంది. ఆ రాత్రి అక్కడ నిలవున్న 20,000 తూటాల్లో పొద్దున్నకి మిగిలినవి ఏ 900లో.

సినిమావాళ్ళు చాలామంది చేతుల్లో ఈ తుపాకులే పెట్టారు. అందుకు మావారు బోలెడు సంతోషించారు. కానీ చాలినన్ని దొరకలేదు కాబోలు, అక్కడక్కడా కొందరి చేతుల్లో లీ-ఎన్‌ఫీల్డులు కనిపించాయి. అవి 1895లో గాని రాలేదు. "ఆపు!" అన్నారు. ఆఫీసర్లిద్దరి చేతుల్లోనూ వెబ్లీ పిస్తోళ్ళు. ఆ రకం వచ్చింది 1915లో! మరో "ఆపు!" ముప్ఫయ్యారేళ్ళ తరవాత పుట్టబోయే పిస్తోలుతో ఆ మహానుభావుడు గురిచూసి కాలుస్తున్నాడు. అంతటితో అయిందా? కొండమీంచి కాల్చే జులూల చేతుల్లో బ్రిటిషు తుపాకులు కనిపించాయి. ఇసాండల్వానాలో చిక్కినవని సినిమా చెబుతుంది. నిజానికి ఇక్కడికొచ్చిన జులూలు ఆ యుద్ధంలో దిగకుండా వెనక ఉండిపోయిన దళాలవాళ్ళు. వాళ్ళ దగ్గరున్నవి చాలామటుకు వర్తకులు అంటగట్టిన కాలం చెల్లిన పాత తుపాకులు.

"మూడు తప్పులు," అన్నాడు మనవడు వేళ్ళు మడిచి. "ఇంత డబ్బు పోసి సినిమా తీసేవాడికి ఆమాత్రం శ్రద్ధ ఉండక్కర్లేదా!" అని మావారు నిజంగానే నొచ్చుకున్నారు. నాకు నవ్వొచ్చింది. గోరుచిక్కుళ్ళు అయిపోయాయి గనక లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

రాత్రి భోజనాలయ్యాక ఆయన బీరువాలోంచి ఆ యుద్ధం గురించిన పుస్తకం తీసి మనవడికి చదివి చెబుతున్నారు. పక్క దులుపుతూ నేనూ విన్నాను. అప్పుడు చెవినిపడిందండీ అసలు సంగతి.

సినిమాలో హెన్రీ హుక్ అని ఒక సిపాయి ఉన్నాడు. తాగుబోతు, దొంగ, పని తప్పించుకోడానికి జబ్బు వంకతో ఆసుపత్రిలో పడుకున్న సోమరిపోతు. ఆసుపత్రికి నిప్పంటుకుంటే అందులోనూ బ్రాందీ కోసం వెతుక్కుంటాడు. చివరికి అతనే రోగుల్ని కాపాడి వీరుడవుతాడు. బాగా నటించాడు కూడా. నాకా పాత్రే నచ్చింది.

హెన్రీ హుక్ నిజం మనిషి. పతకం అందుకున్న పదకొండు మందిలో ఒకడు. అప్పటికి 28 ఏళ్ళవాడు. అతను మందు ముట్టడు. నడత మీద మచ్చలేని సిపాయి. ఆసుపత్రిలో ఉన్నది రోగిగా కాదు, రోగులకి వంటవాడుగా! శత్రువులు వస్తున్నారన్న కబురు వచ్చేవేళకి ఆరుబయట పొయ్యిదగ్గర రోగులకి టీ కాస్తున్నానని తనే తరవాత చెప్పుకున్నాడు. గడ్డి కప్పు తగలబడుతుంటే, తోటివాడు గోడకి కన్నం పొడుస్తూండగా, ఇతను గుమ్మంలో నిలబడి శత్రువుల్ని ఆపుతూ, ఒక్కో రోగినీ ఆ కన్నంలోంచి అవతలి గదిలోకి దాటించాడు. అలా గది తరవాత గది. నెత్తిమీద ఈటె దెబ్బ తిన్నాడు. సైన్యం వదిలేశాక లండన్లో బ్రిటిష్ మ్యూజియంలో చిన్న ఉద్యోగం. చదువుకోడానికి వచ్చేవాళ్ళ గొడుగులు భద్రపరిచే పని. 1905లో పోయాడు.

ఆయనకి కూతుళ్ళున్నారు. 1964 జనవరి 22న, ఆ యుద్ధం జరిగిన తారీఖునే, లండన్లో సినిమా మొదటి ఆట వేసినప్పుడు ఆ అక్కచెల్లెళ్ళు, బాగా పెద్దవాళ్ళయిపోయారు, వెళ్ళారు. తెరమీద నాన్నని చూశారు. సగంలో లేచి బయటికి వచ్చేశారు.

నా చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. ఎంత మురిసిపోతూ తయారై వెళ్ళి ఉంటారో చూడండి. మన నాన్న గురించి సినిమా తీశారు అనుకుని ఉంటారు. ఆ చీకట్లో పక్కవాళ్ళ మోకాళ్ళు తగలకుండా ఒదిగి ఒదిగి నడుచుకుంటూ ఎలా బయటపడ్డారో!

"మరి దానికి మీరు 'ఆపు' అనలేదేం?" అన్నాను మావారితో.

"దేనికోయ్?"

"పిస్తోలు ముప్ఫయ్యారేళ్ళు తేడా వస్తే గుండె బాదుకున్నారు కదా. మనిషి మొత్తానికి మొత్తం తేడా వచ్చాడు కదా."

మావారు కాస్త ఇబ్బందిపడ్డారు గాని వదల్లేదు. సినిమా చరిత్ర పాఠం కాదన్నారు. చెడ్డవాడు మంచివాడైతేనే కథకి రక్తి అన్నారు. "మొదట్నించీ మంచివాడే అయితే చూపించడానికి ఏముంది? ఇంకో మాట. ఈ సినిమా లేకపోతే హుక్ అనేవాడొకడున్నాడని నీకు తెలిసేదా? అతనికోసం ఇప్పుడు నువ్విలా బాధపడేదానివా?"

ఆ చివరిమాట నన్ను ఆపేసింది. కాదనడానికి వీల్లేదు. చెడ్డపేరు పెట్టి బతికించడం మేలా, ఏ పేరూ లేకుండా మరుగునపడనివ్వడం మేలా? చాలాసేపు ఆలోచించాను. పడక్కుర్చీలో కూచుని ఆలోచించినంత తేలిగ్గా తేలే ప్రశ్న కాదది. చివరికి ఒకటి తోచింది. కథకి తాగుబోతు కావాలంటే వాడికి ఏదో ఒక పేరు కల్పించుకోవచ్చు. పేర్లకేం కరువు? నిజం మనిషి పేరు, నిజం పతకం వాడుకుంటూ, నడత మాత్రం మనం కుట్టిచ్చింది తొడగడం అన్యాయం. తుపాకీ తప్పు పెడితే తుపాకీకి సిగ్గులేదు. దానికి కూతుళ్ళు లేరు.

ఈ మాట పైకి అనేసి, గెలిచానని దిండు సర్దుకుంటున్నాను. అప్పుడన్నాడు మా మనవడు, మామూలుగానే, ఏ దురుద్దేశమూ లేకుండా:

"అమ్మమ్మా, జంతికల మామ్మ కథలాగానా?"

జంతికల మామ్మ ఎవరో మీకు చెప్పాలి. మా మేనత్త. నేను హైస్కూలు చదువుకి రెండేళ్ళు వాళ్ళింట్లో ఉన్నాను. నలుగురు చేరినచోట నేను చెప్పే కథల్లో ఆవిడ కథ పేరుమోసింది. ఆవిడ జంతికలు వండి పెద్ద ఇత్తడి డబ్బాలో పోసేది. దానికి అలీగఢ్ తాళం. తాళంచెవికి ఎర్రదారం కట్టి బొడ్లో దోపుకునేది. సాయంత్రం బడినించి రాగానే మమ్మల్ని వరసగా కూచోబెట్టి తలో రెండు లెక్కపెట్టి ఇచ్చి, డబ్బా మూసి, మళ్ళీ తెరిచి, మిగిలినవి లెక్కపెట్టుకుని తాళం వేసేది. అర్ధరాత్రి లేచి తాళం లాగి చూసుకునేది. ఆవిడ నడక, లెక్కపెట్టేటప్పుడు పెదవులు కదలడం, తాళం క్లిక్కుమనడం నేను చేసి చూపిస్తుంటే జనం పొట్టలు పట్టుకునేవారు. డబ్బా సొట్ట ఏ వైపునుందో కూడా చెప్పేదాన్ని. వస్తువుల దగ్గర నాది వంక పెట్టడానికి లేని కథ. మావారు కూడా "ఆపు" అనలేరు.

నేను చెప్పనిది ఇది. ఆ ఏడు మావయ్యకి ఉద్యోగం పోయింది. నా ఖర్చుకి నాన్న పంపవలసిన మనియార్డరు నెలల తరబడి రాలేదు. ఆ సంగతి మా అత్త ఒక్కనాడు నాతో అనలేదు. ఆ నెలకి దొరికిన నూనె అదే, ఆ డబ్బా నెలాఖరుదాకా రావాలి. ఇంట్లో నాతో కలిపి ఏడుగురం పిల్లలం. రోజుకి లెక్కపెట్టేది పధ్నాలుగు. ఏడుగురికి తలో రెండు. ఆ లెక్కలో ఆవిడకి ఒక్కటి లేదు.

ఇవన్నీ నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. అబద్ధం ఒక్కటి ఆడలేదు. ఇవి చెబితే నవ్వు రాదు, అంచేత మానేశాను. అంతే.

మా పెద్దమ్మాయి పెళ్ళిలో, విడిదింట్లో, రాత్రి అందరూ చేరి అడిగితే మళ్ళీ ఆ కథ మొదలెట్టాను. మా వదిన, అంటే అత్త కూతురు, ఓ పక్కన కూచుని తమలపాకులు తుడుస్తోంది. జనం నవ్వుతుంటే తల ఎత్తకుండా, "తాళంచెవికి ఎర్రదారం కూడా గుర్తుందే నీకు" అంది. నేనది మెచ్చుకోలు అనుకుని ఇంకా రెచ్చిపోయాను. కాసేపటికి చూస్తే తమలపాకుల పళ్ళెం ఉంది, వదిన లేదు. పని పడి లోపలికి వెళ్ళి ఉంటుందిలే అనుకున్నాను. మర్నాడు పెళ్ళిపనులన్నీ మామూలుగానే చేసింది. నేను ఆ సంగతే మరిచిపోయాను.

ఇరవయ్యేళ్ళు దాటాక, లండన్లో ఎవరో అక్కచెల్లెళ్ళు హాల్లోంచి లేచి వెళ్ళిపోయారని వింటే గాని, మా వదిన ఎందుకు లేచి వెళ్ళిందో నాకు తెలిసిరాలేదు. అప్పటికే నా మనవడికి ఆ మహాతల్లి పేరు కూడా తెలీదు. వాడికి తెలిసింది జంతికల మామ్మ. చెడ్డపేరు పెట్టైనా బతికించడం అంటే ఇదే కాబోలు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. మావారి పుస్తకం తీసి మిగతా పేజీలు తిరగేశాను. సినిమా చివర్లో జులూలు కొండమీద బారులు తీరి, బ్రిటిషువాళ్ళ వీరత్వాన్ని మెచ్చుకుంటూ పాట పాడి వెళ్ళిపోతారు. కళ్ళమ్మట నీళ్ళొచ్చే ఘట్టం. అది జరగలేదుట. జులూలు తెల్లవారుజామునే తిరిగిపోయారు, బ్రిటిషు సైన్యం సహాయానికి వచ్చింది. ఆ తరవాత జరిగింది సినిమాలో లేదు. గోడల చుట్టూ దెబ్బలు తిని పడివున్న జులూల్ని బ్రిటిషువాళ్ళు చంపేశారు. లెక్కపెట్టిన శవాలు 351. అసలీ యుద్ధమే బ్రిటిషువాళ్ళు జనవరి 11న జులూల దేశంలోకి చొరబడడంతో మొదలైందన్న సంగతి కూడా సినిమా చూస్తే మనకి తట్టదు. పదకొండు పతకాల పేర్లు ఒక్కొక్కటీ పుస్తకంలో ఉన్నాయి. ఆ 351 మందిలో ఏ ఒక్కడి పేరూ నాకు కనబడలేదు. వాళ్ళకీ కూతుళ్ళుంటారు కదా?

దానికి జవాబు ఇంకా దారుణం. దక్షిణాఫ్రికాలో అప్పుడు వర్ణవివక్ష రాజ్యం. సినిమా తీసింది ఆ గడ్డమీదే, నటించిన జులూలు ఆ యోధుల మనవలూ మునిమనవలే. రాజు సెటెవాయో వేషం వేసినాయన సాక్షాత్తూ ఆ రాజుగారి మునిమనవడు, తరవాత రాజకీయాల్లో పేరుకెక్కిన బుతెలేజీ. అయినా నల్లవాళ్ళు ఆ సినిమా చూడకూడదని ప్రభుత్వం నిషేధించింది. తెల్లవాళ్ళని నల్లవాళ్ళు చంపడం చూస్తే లేనిపోని ఆలోచనలు వస్తాయని భయం. అందులో వేషాలేసినవాళ్ళకి మాత్రం కొన్నిచోట్ల ప్రత్యేకంగా ఆట వేసి చూపించారట.

హుక్ కూతుళ్ళు కనీసం లేచి వెళ్ళిపోగలిగారు. అలా వెళ్ళారు గనకనే అరవయ్యేళ్ళ తరవాత మా ఇంట్లో వాళ్ళ మాట వచ్చింది. లేచి వెళ్ళాలన్నా ముందు హాల్లోకి రానివ్వాలి కదండీ. మనం ఎవరి కథ చెబుతున్నామో వాళ్ళవాళ్ళు ఎవరూ ఎదురుగా లేనప్పుడు నోరు ఎంత దూరమైనా పోతుంది. మా వదిన ఉన్నప్పుడే నా నోరు అంతదూరం పోయింది, లేనప్పటి సంగతి చెప్పాలా?

పొద్దున్నే వదినకి ఫోన్ చేశాను. ఏం చెప్పాలో తోచక, "వదినా, నీకు గుర్తుందా, అత్తయ్య రోజుకి పధ్నాలుగే లెక్కపెట్టేది. తనకి తీసుకునేది కాదు" అన్నాను. అవతల్నించి కాసేపు ఏమీ వినపడలేదు. తరవాత వదిన, "అమ్మకి జంతికలు పడవు కాబోలు అనుకునేదాన్నే నేను, నా పెళ్ళయ్యేదాకా" అంది. ఆ తరవాత ఇద్దరం ఏవో ఆవకాయ కబుర్లలో పడ్డాం. విడిదింటి మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేకపోయాను. క్షమాపణ అడిగినట్టా, అడగనట్టా? నాకే తెలీదు.

సాయంత్రం మనవణ్ణి కూచోబెట్టి జంతికల మామ్మ కథ మళ్ళీ మొదట్నించీ చెప్పాను. ఈసారి ఆవిడ పేరు చెప్పాను. మావయ్య ఉద్యోగం, రాని మనియార్డరు, పధ్నాలుగు లెక్క, అన్నీ చెప్పాను. తాళం క్లిక్కుమనడం మాత్రం మానలేదు, అదీ నిజమే కదా. వాడు బుద్ధిగా విన్నాడు. ఒక్కసారీ నవ్వలేదు.

అంతా అయ్యాక, "బావుంది గాని, అమ్మమ్మా, ముందు చెప్పిందే ఎక్కువ బావుంది" అన్నాడు వెధవ.

నిజమే. వచ్చిన చిక్కల్లా అదే.